తెర మీది వాట్లు, తీగలోని వాట్లు

అమలాపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే ఒక చిన్న స్టూడియోను ఊహించుకుందాం. కొత్త యూపీఎస్ కొనాలి. కంప్యూటర్‌లో ఉన్నది ఏఎమ్‌డీ కంపెనీ రేడియాన్ ఆర్‌ఎక్స్ 6000 తరం గ్రాఫిక్స్ కార్డు. కార్డు పూర్తి భారంతో పనిచేస్తుండగా సాఫ్ట్‌వేర్ 230 వాట్లు చూపిస్తోంది. అనుమానం తీర్చుకోవడానికి కార్డుకు వెళ్లే రెండు పవర్ కేబుళ్లకూ క్లాంప్ మీటరు, అంటే తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే పరికరం, తగిలించి లెక్క వేస్తే ఒకదానిలో 120, ఇంకొకదానిలో 110. కలిపితే అదే 230. రెండు వేర్వేరు దారుల్లో వెళ్లినా ఒకే అంకె వచ్చింది కాబట్టి ఇక సందేహం అక్కర్లేదనిపిస్తుంది. గోడ ప్లగ్గు దగ్గర పెట్టిన మీటరులో మాత్రం పని మొదలవగానే 70 వాట్లు కాస్తా 400 అయింది, అంటే తేడా 330. మీటరు చవకది, తప్పు చూపుతోందని దాన్ని పక్కన పెట్టేస్తారు.

ఆ కార్డు తీసుకుంటున్నది 230 కాదు, 330 కూడా కాదు, 275 వాట్లు. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవే. ఇలాంటి తేడాలు మాత్రం కొలిచేవారికి నిత్యం ఎదురవుతాయి. ఇక్కడ అసలు ప్రమాదం గోడ మీటరు చూపిన పెద్ద తేడాలో లేదు, మిగతా రెండు అంకెలు కుదిరిన తీరులో ఉంది. సాఫ్ట్‌వేర్ ఒకచోట 45 వాట్లు వదిలేసింది, క్లాంప్ మీటరు ఇంకొకచోట 45 వాట్లు వదిలేసింది. రెండు తప్పులు ఒకే పరిమాణంలో ఉండటంతో ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకున్నాయి.

గోదావరి డెల్టాలో నీటి లెక్క తెలిసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ధవళేశ్వరం దగ్గర నది నీరు మూడు దారుల్లో పొలాలకు మళ్లుతుంది. తూర్పు డెల్టాకు ధవళేశ్వరం వైపు, మధ్య డెల్టాకు, అంటే కోనసీమకు, బొబ్బర్లంక దగ్గర, పశ్చిమ డెల్టాకు విజ్జేశ్వరం దగ్గర కాలువల్లోకి నీరు వదిలే తలుపులు, అంటే హెడ్ స్లూయిజ్‌లు ఉన్నాయి. డెల్టాకు ఎంత నీరు వదిలారో చెప్పాలంటే మూడింటి దగ్గరా కొలవాలి. విజ్జేశ్వరంలో నీటిమట్టం చూపే స్కేలు ఎంత జాగ్రత్తగా చూసినా కోనసీమకు వెళ్లిన నీరు ఆ లెక్కలోకి రాదు.

గ్రాఫిక్స్ కార్డుకు కూడా విద్యుత్తు ఒకే దారిన రాదు. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు గరిష్ఠంగా 75 వాట్లు ఇవ్వవచ్చు. అందులో 12 వోల్టుల మీద 5.5 ఆంపియర్లు, అంటే 66 వాట్లు. మిగతాది 3.3 వోల్టుల మీద వస్తుంది. ఆరు పిన్నుల కేబులుకు పరిమితి 75 వాట్లు, ఎనిమిది పిన్నుల దానికి 150. 2022 నుంచి వాడుకలోకి వచ్చిన పదహారు పిన్నుల కనెక్టరు ఒక్కటే 600 వాట్ల వరకు మోయగలదు. స్టూడియోలో క్లాంప్ మీటరు కేబుళ్లను కొలిచింది గానీ స్లాటును వదిలేసింది. స్లాటు నుంచి వచ్చిన 45 వాట్లు ఆ లెక్కలో లేవు.

స్లాటును కొలవడం కష్టం కాబట్టే దాన్ని చాలామంది వదిలేస్తారు. అక్కడ మీటరు తగిలించడానికి తీగ ఏదీ బయట కనపడదు. స్లాటుకూ కార్డుకూ మధ్య రైజర్ అనే చిన్న పలక పెట్టి, అందులో కొలత నిరోధకాలు అమర్చి, వాటి గుండా పోయే కరెంటును చూడాలి. ఈ కష్టానికి ఫలితం ఎంతటిదో 2016 జూన్ చివర్లో ఏఎమ్‌డీ విడుదల చేసిన ఆర్‌ఎక్స్ 480 కార్డు చూపించింది. 150 వాట్ల కార్డు అన్నారు. ఆరు పిన్నుల కేబులు ఒకటి, స్లాటు ఒకటి, రెండూ 75 చొప్పున సరిపోతాయన్నది కాగితం మీది లెక్క. స్లాటును విడిగా కొలిచిన సమీక్షకులు, కార్డు స్లాటు పరిమితిని దాటి మదర్‌బోర్డు నుంచి విద్యుత్తు తీసుకుంటోందని పట్టుకున్నారు. మరుసటి నెలలోనే ఏఎమ్‌డీ కార్డును నడిపే కొత్త డ్రైవరు సాఫ్ట్‌వేర్ విడుదల చేసి ఆ భారాన్ని సర్దింది. గోడ మీటరు ఒక్కటే నమ్ముకుని ఉంటే ఈ సంగతి బయటపడేది కాదు. ఎంత వాడుతోంది అన్న ప్రశ్నతో పాటు ఏ దారిలో వస్తోంది అన్నది కూడా అడిగారు కాబట్టే దొరికింది.

ఇక సాఫ్ట్‌వేర్ చూపే అంకె ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. కార్డు మీద 12 వోల్టుల విద్యుత్తు లోపలికి వచ్చే చోట చాలా చిన్న విలువ గల నిరోధకం ఉంటుంది, దాన్ని షంట్ అంటారు. దాని విలువ 5 మిల్లీఓమ్‌లు అనుకుంటే, 20 ఆంపియర్లు పోయినప్పుడు దాని రెండు కొనల మధ్య 0.1 వోల్టు తేడా ఏర్పడుతుంది. పక్కనున్న చిప్పు ఆ తేడాను చదివి కరెంటును, దాని నుంచి వాట్లను లెక్కగడుతుంది. అంతా ఆ నిరోధకం విలువ మీద ఆధారపడిన లెక్క. కార్డు పరిమితిని దాటించాలనుకునే కొందరు షంట్ మీద అదే విలువగల ఇంకొక నిరోధకాన్ని అతికిస్తారు. నిరోధం సగమవుతుంది, చిప్పుకు కరెంటు సగమే కనిపిస్తుంది. కార్డు 400 వాట్లు వాడుతూ తెర మీద 200 అని చూపిస్తుంది. స్కేలు రాయిని అడుగు పైకి లేపి పాతేసి, నీటిమట్టం అడుగు తగ్గిందని రాసుకోవడం లాంటిది ఇది. మార్పులేమీ చేయని కార్డులో తప్పు ఇంత పెద్దగా ఉండదు, కానీ ఆ అంకె ఒక నిరోధకం మీద నిలబడి ఉందన్నది మరచిపోకూడదు.

షంట్ ఎక్కడ ఉంది, దాని అంకెలో ఏమేమి కలుస్తాయి అన్నది కంపెనీని బట్టి మారుతుంది. ఎన్‌విడియా కార్డులు సాధారణంగా బోర్డులోకి వచ్చే మొత్తం విద్యుత్తును చూపిస్తాయి. ఏఎమ్‌డీ ఆర్‌ఎక్స్ 6000 తరం వరకు ప్రధానంగా చిప్పు వైపు వినియోగాన్నే చూపించింది. వోల్టేజీని దించే భాగాల్లో వేడిగా పోయేది, ఫ్యాన్లు తీసుకునేది అందులో లేవు. 7000 తరంతో అది కూడా మొత్తం బోర్డు వినియోగాన్ని చూపడం మొదలుపెట్టింది. కాబట్టి పాత రేడియాన్ కార్డు తెర మీది అంకెనూ ఎన్‌విడియా కార్డు తెర మీది అంకెనూ పక్కపక్కన పెట్టి ఏది పొదుపుగా ఉందో తేల్చడం అన్యాయం. ఒకదాన్ని కాలువ తల దగ్గర కొలిచి, ఇంకొకదాన్ని పొలం బోదె దగ్గర కొలిచి, రెండో కాలువ నీరు తక్కువ వాడుతోందని మెచ్చుకున్నట్టు ఉంటుంది. స్టూడియోలో సాఫ్ట్‌వేర్ వదిలేసిన 45 వాట్లు ఇక్కడే ఉన్నాయి.

స్థలం సంగతి ఇలా ఉంటే, కాలం సంగతి ఇంకా చిక్కు. ఈ చోట తొందరపడకుండా ఆలోచించాలి, ఎందుకంటే మంచి పరికరం ఉన్నవారు కూడా తప్పటడుగు వేసేది ఇక్కడే.

గ్రాఫిక్స్ కార్డు నిలకడగా విద్యుత్తు తీసుకోదు. ఒక ఫ్రేము గీస్తున్నప్పుడు ఒక్కసారిగా పెరుగుతుంది, తరువాతి పని అందేలోపు పడిపోతుంది. సెకనులో వెయ్యో వంతులో, అంతకంటే తక్కువ కాలంలో ఈ ఎగుడుదిగుడులు సాగుతాయి. తెర మీది అంకె వీటిని చూపదు. ‘ఆంపియర్’ అనే పేరున్న కార్డుల తరం నుంచి, డేటా సెంటర్లలో వాడే ఏ100 కార్డులోని చిప్పు మినహా, తమ సాఫ్ట్‌వేర్ ఇచ్చే అంకె ఒక సెకను సగటు అని ఎన్‌విడియా పత్రాలే చెబుతున్నాయి. ఏ100 సంగతి మరింత ఆశ్చర్యకరం. దాని అంకె 100 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది గానీ, అందులో 25 మిల్లీసెకన్ల వినియోగాన్నే లెక్కలోకి తీసుకుంటుందని 2023లో వెలువడిన ఒక పరిశోధన గుర్తించింది. మిగతా మూడు వంతుల కాలంలో ఏం జరిగినా అంకెలో కనపడదు. కాలువ కాపలా చూసే లస్కరు గంటకు పదిహేను నిమిషాలు స్కేలు చూసి, మిగతా ముప్పావు గంటా అలాగే ఉందని రాసినట్టు. పని నిలకడగా సాగితే తప్పు రాదు. పనిలో లయ ఉండి, అది కొలత లయతో కలిసిపోతే మాత్రం, చూసిన ప్రతిసారీ ఎత్తే కనపడవచ్చు, లేదా ప్రతిసారీ పల్లమే కనపడవచ్చు.

దీనికి మందు ఉంది. ఒకే పనిని అనేకసార్లు, మధ్యలో వేర్వేరు నిడివి గల విరామాలతో నడిపి సగటు తీస్తే ఆ లయ చెదిరి తప్పు తగ్గుతుంది. ఐదు సెకన్లలో ముగిసే పరీక్షను ఒక్కసారి నడిపి వచ్చిన అంకెను ప్రచురించడం మాత్రం ఏ విధంగానూ సమర్థించలేం.

సగటు కావాలా, శిఖరం కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటిగట్లు తట్టుకోవలసింది ఆ శిఖరాన్ని. సార్వా, దాళ్వా పంటలకు నీరు చాలుతుందా అన్నది టీఎంసీల లెక్క, అంటే ప్రవాహాన్ని కాలంతో హెచ్చవేసిన మొత్తం. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. వాట్లు క్యూసెక్కుల వంటివి, కరెంటు బిల్లులోని యూనిట్లు టీఎంసీల వంటివి. వెయ్యి వాట్లు ఒక గంట నడిస్తే ఒక యూనిట్. బిల్లుకు సగటు కావాలి, గోడ కరెంటును కంప్యూటర్ లోపలి భాగాలకు మార్చి అందించే పవర్ సప్లైకి శిఖరం కావాలి. ఒకదాని అంకెతో ఇంకొకదాన్ని తేల్చితే గట్టయినా తెగుతుంది, లేదా అక్కర్లేని ఎత్తుకు గట్టు కట్టి డబ్బు పోగొట్టుకున్నట్టయినా అవుతుంది.

2020లో ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులు వచ్చినప్పుడు కొందరి కంప్యూటర్లు ఆట మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయేవి. 320, 350 వాట్ల కార్డులకు తగిన పవర్ సప్లై ఉన్నా అలా జరిగేది. సగటు ఎక్కడా హద్దు దాటలేదు, క్షణిక శిఖరాలు దాటాయి, పవర్ సప్లైలోని రక్షణ ఏర్పాటు వాటిని చూసి కరెంటు ఆపేసింది. 2022లో పవర్ సప్లైలకు వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ సంగతిని నేరుగా పట్టించుకుంది. పెద్ద పవర్ సప్లై తన సామర్థ్యానికి రెట్టింపు భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని నిర్దేశించింది. వంద మైక్రోసెకన్లంటే సెకనులో పదివేలవ వంతు. దాన్ని చూడాలంటే క్షణిక ఎగుడుదిగుడులను గీతగా గీసి చూపే ఆసిలోస్కోపు కావాలి. సెకనుకు రెండు మూడు సార్లు అంకె మార్చే మీటరుకు అది ఎన్నటికీ దొరకదు. గోడ దగ్గర అయితే ఆసిలోస్కోపు పెట్టినా అంత చిన్న శిఖరం కనపడదు, ఎందుకంటే పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటరు చెరువులా నిలబడి ఆ కుదుపును తనలోనే సర్దేస్తుంది.

క్లాంప్ మీటరు గురించి కొన్ని మాటలు, దాన్ని వాడేవారు ఎక్కువ కాబట్టి. ఇంటి వైరింగు పనికి వాడే చవక క్లాంప్‌లు చాలావరకు ఏసీ కరెంటును మాత్రమే చూస్తాయి. కార్డు కేబుళ్లలో ఉండేది డీసీ, దానికి నిలకడైన అయస్కాంత క్షేత్రాన్ని కూడా పసిగట్టే హాల్ సెన్సరు ఉన్న మీటరు కావాలి. ఎనిమిది పిన్నుల కేబులును మొత్తంగా క్లాంపులో పెడితే అంకె దాదాపు సున్నా వస్తుంది, వెళ్లే కరెంటూ తిరిగి వచ్చే కరెంటూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కాబట్టి. 12 వోల్టుల తీగలు మూడింటినీ విడదీసి వాటిని మాత్రమే పట్టుకోవాలి. కొలిచే ముందు, కొలవబోయే చోటే, అదే భంగిమలో మీటరును సున్నా చేయాలి. పక్కనున్న అయస్కాంత క్షేత్రం వల్ల ఒక ఆంపియరు తేడా వచ్చినా అది 12 వాట్ల తప్పు. వోల్టేజీని కూడా కొలవాలి, 12 అని ఊహించుకోకూడదు. భారం పడినప్పుడు అది 11.7కు దిగితే, ఊహతో వేసిన లెక్కలో రెండున్నర శాతం అక్కడే పోయింది. ఇలాంటి కష్టాలన్నీ తీర్చడానికే ఎన్‌విడియా 2020లో పీక్యాట్ అనే పరికరాన్ని సమీక్షకులకు అందించింది. రైజరుతో స్లాటునూ కేబుళ్లనూ ఒకేసారి కొలుస్తుంది. ఒక కార్డు కంపెనీ తయారుచేసిన పరికరమైనా, షంట్ విలువ తెలిసి, వేరే మీటరుతో సరిచూసుకోగలిగితే ఏ కంపెనీ కార్డుకైనా అది పనికొస్తుంది.

అలాంటిది అందుబాటులో లేనివారికి మిగిలేది గోడ మీటరే. దాన్ని తీసిపారేయనక్కర్లేదు, సరిగ్గా చదవాలి. స్టూడియో లెక్కను మళ్లీ చూద్దాం. పని లేనప్పుడు గోడ దగ్గర 70 వాట్లు. అంత తక్కువ భారంలో పవర్ సప్లై సామర్థ్యం 82 శాతం అనుకుంటే లోపలికి అందింది 57 వాట్లు. పూర్తి భారంలో 400 వాట్లు, సామర్థ్యం 90 శాతం, లోపలికి 360. లోపలి తేడా 303. అందులో ప్రాసెసరు, మెమరీ, కేసు ఫ్యాన్లు అదనంగా తీసుకున్నవి 40 వాట్లు అనుకుంటే, కార్డు పెరుగుదల 263. పని లేనప్పుడు కూడా కార్డు 12 వాట్లు తీసుకుంటూనే ఉంది, అది కలిపితే 275. గోడ దగ్గరి తేడాను అలాగే తీసుకుని ఉంటే 55 వాట్లు, అంటే ఐదో వంతు ఎక్కువ రాసి ఉండేవారు. ఈ లెక్కలో బలహీనమైన మెట్టు ఆ 40 వాట్లు. కార్డు వేగంగా ఉన్నకొద్దీ దానికి పని అందించడానికి ప్రాసెసరు కూడా ఎక్కువ శ్రమపడుతుంది. కాబట్టి ఈ పద్ధతిలో వచ్చిన అంకెను 275 అని కాకుండా, 260కీ 290కీ మధ్య అని రాయడమే నిజాయితీ.

డెల్టాలో గోడ దగ్గర కొలిచేవారికి ఇంకొక చిక్కు ఉంది, దాన్ని మరోచోట రాసిన సూచనలు పట్టించుకోవు. భీమవరం, ఉండి, ఆకివీడు ప్రాంతాల్లో రొయ్యల, చేపల చెరువుల మీద ఏరియేటర్లు ఎక్కువగా తిరిగేది రాత్రి పొద్దుపోయాక, తెల్లవారేలోపు. నీటిలో ఆక్సిజను పడిపోయేది అప్పుడే. ఫీడరు చివర ఉన్న ఇళ్లలో ఆ వేళ వోల్టేజీ దిగడం సహజం. కంప్యూటర్ పవర్ సప్లై వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచి అవే వాట్లు తీసుకుంటుంది. 230 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు తీసుకున్నది 190 వోల్టుల దగ్గర 2.4కు పైగా తీసుకుంటుంది. ఆంపియర్లు మాత్రమే చూసి 230తో హెచ్చవేస్తే, పగలు కొలిచిన కార్డు రాత్రికల్లా 20 శాతం తిండిపోతు అయినట్టు కనపడుతుంది. వోల్టులు, ఆంపియర్లు రెండూ కొలిచి హెచ్చవేసినా పూర్తిగా సరిపోదు. ఏసీలో ఆ గుణింతం ఇచ్చేది వోల్ట్ ఆంపియర్లు, వాట్లు కాదు. ఆ గుణింతంలో నిజంగా వాట్లయ్యే వంతును పవర్ ఫ్యాక్టరు అంటారు. దాన్ని సరిదిద్దే ఏర్పాటు లేని చవక పవర్ సప్లైలో పవర్ ఫ్యాక్టరు 0.65 ఉంటే, 230 వోల్టులు, 2 ఆంపియర్ల గుణింతమైన 460లో అసలు వాట్లు 299 మాత్రమే. యూపీఎస్ పెట్టె మీద 600 వీఏ అని పెద్దక్షరాల్లో ఉండి, 360 వాట్లు అని చిన్నక్షరాల్లో ఉండటం కూడా ఈ తేడా వల్లనే. తెర మీది 230 చూసి ఆ యూపీఎస్ కొన్న స్టూడియోలో, గోడ దగ్గర 400 వాట్లు తీసుకునే కంప్యూటర్ కరెంటు పోయిన క్షణంలోనే ఆరిపోతుంది, రెండర్, అంటే వీడియోను తుది ఫైలుగా తయారుచేసే పని, సగంలో పోతుంది.

వేడిని కూడా లెక్కలో ఉంచాలి. చిప్పు వేడెక్కినకొద్దీ అందులో వృథాగా కారిపోయే కరెంటు పెరుగుతుంది, ఫ్యాన్లు వేగం పుంజుకుంటాయి. రోహిణి కార్తెలో రాజమండ్రిలో ఏసీ లేని గదిలో కొలిచినదీ, డిసెంబరు ఉదయం కొలిచినదీ ఒకటిగా ఉండాలని ఆశించకూడదు. పని మొదలుపెట్టాక ఉష్ణోగ్రత నిలకడ పడేవరకు, కనీసం పదిహేను ఇరవై నిమిషాలు ఆగి కొలవాలి. గది ఉష్ణోగ్రతను అంకె పక్కనే రాయాలి.

చేతిలో ఏ పరికరమూ లేకపోయినా ప్రతి ఇంట్లోనూ ఒక నాణ్యమైన వాట్ మీటరు గోడకు బిగించి ఉంది. విద్యుత్ సంస్థ పెట్టిన మీటరు మీద చిన్న ఎర్రదీపం మెరుస్తుంటుంది, పక్కన యూనిట్‌కు ఎన్ని మెరుపులో ముద్రించి ఉంటుంది. 3200 అని ఉంటే ఒక్కో మెరుపు 0.3125 వాట్ గంటలు. 1125ను రెండు మెరుపుల మధ్య సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి. 400 వాట్లకు మెరుపుకూ మెరుపుకూ మధ్య 2.8 సెకన్లు. ఒక్క విరామం చూసి తేల్చకుండా వంద మెరుపులకు పట్టిన కాలం చూడాలి, అది దాదాపు నాలుగు నిమిషాల నలభై సెకన్లు. ఇంట్లో మిగతావన్నీ ఆపాలి, ముఖ్యంగా ఫ్రిజ్, అది తనకు తోచినప్పుడు మొదలవుతుంది కాబట్టి. వోల్టేజీ దిగినా, పవర్ ఫ్యాక్టరు ఎలా ఉన్నా ఈ మీటరు వాట్లనే లెక్కిస్తుంది. చవక ప్లగ్గు మీటరు నిజం చెబుతోందా అన్నది దీనితోనే పరీక్షించవచ్చు.

మెరుపులను లెక్కపెట్టడంలో ఇంకొక మేలు ఉంది. పని మొత్తానికి ఎంత ఖర్చయిందో అదే చెబుతుంది. ఒక వీడియో అరగంటలో 400 వాట్ల మీద పూర్తయితే 200 వాట్ గంటలు, 640 మెరుపులు. కార్డు పరిమితిని కాస్త తగ్గించినప్పుడు 320 వాట్ల మీద 34 నిమిషాలు పట్టిందనుకుందాం. అప్పుడు 181 వాట్ గంటలు, 580 మెరుపులు. ఒక్క వీడియోకు మిగిలేది చిన్న మొత్తమే. కానీ మాఘమాసపు ముహూర్తాల రోజుల్లో రోజుకు పది గంటలు రెండర్ నడిపే స్టూడియోకు 400 వాట్ల లెక్కన నెలకు 120 యూనిట్లు. తెర మీది 230ని నమ్మి వేసుకున్న అంచనా 69 యూనిట్లే. ఇంటి కనెక్షను మీదే పని నడుపుతుంటే మధ్యలోని ఆ 51 యూనిట్లూ పడేది ఆ ఇంటి వాడకం చేరిన పై శ్లాబుల ధరకే.